నానమ్మ పేరు పలకని కాయ

తాతయ్య ఆ కాయను కొరికిన సాయంత్రం మా పెరట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: మడతకుర్చీలో తాతయ్య; అరుగు మీద కాళ్ళు చాపుకుని నానమ్మ; కూర్చోలేక, నిలబడలేక పందిరి గుంజను పట్టుకుని వేలాడుతున్న చిన్నత్త; కత్తిపీట ముందు అమ్మ; ఆఫీసు నుంచి వచ్చి ఇంకా బూట్లు విప్పని నాన్న; పక్కింటి వరలక్ష్మి గారు; గేదె దూడ; నేను. వస్తువులు: చిన్న గిన్నెలో ఉప్పు, చేదైతే నోరు పుక్కిలించడానికి చెంబెడు నీళ్ళు, స్టీలు కంచంలో ఒక కాయ. ఆ కాయకు అప్పటికింకా పేరు లేదు. అలాంటిది చోడవరంలోనే కాదు, మాకు తెలిసినంతలో ఎక్కడా లేదు. రుచి ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఒక్క సంగతి మాత్రం దూడ తప్ప అందరికీ తెలుసు. తాతయ్య ఆ కాయను చూసి ‘ఇది నేనెరిగిందే’ అంటే చిన్నత్త చదువు డిగ్రీతో సరి. ‘ఎరగను’ అంటే విశాఖపట్నం వెళ్ళి ఎమ్మెస్సీ చదువుతుంది.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా పాత వంటింటి కప్పు. కిందటి నెల పెంకులు దింపించి స్లాబు వేయిద్దామని నిర్ణయించుకున్నాం. చిన్నత్త అనకాపల్లిలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతుంది. పెంకులు దింపుతున్నారని తెలిసి సెలవు పెట్టుకుని ఆటోలో వచ్చేసింది, తన చిన్నప్పటి కప్పును ఒకసారి చూసుకోవాలని. నేనొక కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. ఏ వస్తువు కనబడినా కొలిచి, విడదీసి, రాసి పెట్టుకోవడం నా ఉద్యోగం. క్రమంగా అదే నా జబ్బు కూడా అయింది. దూలాల మీద నుంచి దిగినవాటిని వరసలో పెడుతున్నాను: రెండు ఉట్లు, తుప్పు పట్టిన లాంతరు, మూత లేని జాడీ. చివరగా పనివాడు నల్లగా పొగచూరిన ఎండు కాయనొకదాన్ని అందించాడు. దాని తొడిమకు కట్టిన దారం ఒకప్పుడు పసుపు రంగులో ఉండేదని ముడి లోపల చూస్తే తెలుస్తోంది. చిన్నత్త దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి. ఆవిడ ఆ దుమ్ములోనే చతికిలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

మా పెరట్లో ఒకటే పందిరి ఉండేది. దాని మీద రెండు తీగలు పాకేవి. ఒకటి బీర. దాని విత్తనం నానమ్మ పుట్టింటి నుంచి, దేవరాపల్లి నుంచి వచ్చింది. రెండోది నేతిబీర, ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. లేతవైతే పచ్చడి, ముదిరితే వీపు రుద్దుకునే పీచు. చెరకు క్రషింగ్ రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి తీస్తే వీధంతా కాగిన చెరకురసం వాసన వేసేది. మిగతా రోజుల్లో సాయంత్రమయ్యేసరికి పెరడంతా బీరపువ్వు వాసనే. నానమ్మకు గోడ గడియారంతో పనిలేదు. మబ్బు పట్టిన రోజున కూడా పందిరి వైపు ఒక చూపు చూసి, “బీరపూల యాళయిపోయింది, దీపమెట్టండే” అనేది. బీర కచ్చితంగా పొద్దు వాలే వేళకే పూస్తుంది. నేతిబీర అలా కాదు. అది తెల్లవారుజామున విచ్చుకుంటుంది, మనం పళ్ళు తోముకునే వేళకు పచ్చగా నవ్వుతూ ఉంటుంది. ఒకే పందిరి, ఒకే మట్టి, ఒకే కుండీ నీళ్ళు. ఆకులు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. కానీ ఒకటి మేలుకునే వేళకు రెండోది ముడుచుకుంటుంది.

దీనికి నానమ్మ దగ్గర సిద్ధంగా ఒక కథ ఉండేది. “అవి అప్పాసెల్లెల్లురా. నేతిబీరమ్మ నాకాడ నెయ్యుందని గొప్పలు పోయింది. అప్ప ఎల్లి సూస్తే సుక్క లేదు. దాంతో దెబ్బలాడుకున్నారు. అప్పట్నుంచీ ఒకరి మొకం ఒకరు సూసుకోరు.” కథ చెప్పి, బీరకాయ కొస తుంచి పంటి కింద పెట్టుకునేది. చేదు చూడకుండా కాయ కత్తిపీట ఎక్కేది కాదు. ఒక్క చేదు కాయ పడితే కూరంతా పారబోయాల్సిందే. మా ఇంట్లో కొత్త కోడలికి మొదట అప్పగించిన బాధ్యత అదేనని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

చిన్నత్త నీల అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీలో జాతులు ఎలా పుడతాయన్న పాఠం విని వచ్చిన రోజు ఆవిడ చెప్పులు కూడా విప్పలేదు. నేరుగా పందిరి కిందకు పరిగెత్తింది, నన్ను చెయ్యి పట్టి లాక్కుంటూ. నేనప్పుడు ఎనిమిదో తరగతి.

“ఒరే బుజ్జీ, నానమ్మ కథ తప్పు కాదురా. సగం రైటే. ఎప్పుడో లక్షల ఏళ్ళ కిందట ఇది ఒకటే తీగ. సోడవరం నుంచి బస్సులున్నాయనుకో. కొందరు పొద్దున బస్సుకే ఎల్తారు, కొందరు సాయంత్రం బస్సుకే ఎల్తారు. ఆళ్ళూ ఈళ్ళూ ఎప్పుడైనా కలుస్తారా?”

“కలవరు.”

“కలవకపోతే పెళ్ళిళ్ళెలా అవుతాయ్? పొద్దున బస్సోళ్ళు పొద్దున బస్సోళ్ళనే సేసుకుంటారు. అలా తరాలు తరాలు గడిస్తే ఆళ్ళ ముక్కు వేరు, ఈళ్ళ ముక్కు వేరు. ఆకరికి ఓ రోజు రెండు బస్సులూ ఒకే టైముకొచ్చినా, ఈళ్ళెవర్రా అనుకుంటారు. అదీ కొత్త జాతంటే!”

అరుగు మీద మజ్జిగ తాగుతున్న తాతయ్య గ్లాసు దించాడు. రోలుగుంట రోడ్డు వైపు ఆయన చెరకు తోట. లోకంలో దేనినైనా చెరకుతో పోల్చి చూసేవాడు. “ఏటే, బస్సుల్లో పెళ్ళిళ్ళు సేస్తన్నావా? ఇదేనేటి మీ కాలేజీలో సెప్పేది? పైగా ఇశాపట్నం ఎల్లి ఇంకో రెండేళ్ళు ఇదే సదూతానంటన్నావు.”

“నాన్నా, నువ్వు ఏస్తన్న చెరకు కూడా అలాగొచ్చిందే. తియ్యటి చెరకునీ రెల్లు గడ్డినీ కలిపి పుట్టించేరు.”

“రెల్లా? నా సెరుకులో రెల్లా?” తాతయ్య ముఖం చూడాల్సింది. సొంత వంశంలో ఎవరో దొంగ ఉన్నాడని చెప్పినట్టు చూశాడు. కాసేపు మీసం దువ్వుకుని, ఇంట్లో అందరికీ వినబడేలా అన్నాడు: “సరే. నాకు డెబ్బై దగ్గరికొస్తన్నాయి. ఈ నేల మీద మొలిచేదాన్లో నాను సూడనిది లేదు. నాను సూడంది ఒక్కటి మొలిపించి సూపించు. సూపిస్తే నానే బస్సెక్కించి పంపుతాను. లేదంటే ఆ డిగ్రీతో సరిపెట్టుకుని పల్లకో.”

తాతయ్య మాట ఇస్తే తప్పడు. అదే ధైర్యం, అదే భయం. చిన్నత్త ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. పొద్దున్నే లేచి చెప్పిన ఉపాయం వినగానే నేను గెంతేశాను: ఎప్పుడూ కలవని అక్కాచెల్లెళ్ళను మనమే కలుపుదాం.

కలపడం చెప్పినంత సులభం కాదు. బీర పోతుపూలు సాయంత్రం విచ్చుకోగానే కోసి, తడిగుడ్డ వేసిన టిఫిన్ డబ్బాలో పెట్టాలి. మర్నాడు విచ్చుకోబోయే నేతిబీర ఆడమొగ్గను, అంటే వెనక బుల్లి పిందె ఉన్న మొగ్గను, ముందే దారంతో కట్టేయాలి, తుమ్మెద మనకన్నా ముందు దూరకుండా. తెల్లవారగానే దారం విప్పి, డబ్బాలోని పుప్పొడి అద్ది, మళ్ళీ కట్టాలి. మేం తెల్లదారం తీస్తే నానమ్మ లాక్కుంది. “పెళ్ళి సేస్తా తెల్లదారమేటే? బుద్దుందా?” అని పసుపు రాసిన దారం తెచ్చి ఇచ్చింది. అంతటితో ఆగక, మొగ్గకు కుంకుమ బొట్టు పెట్టబోయింది. కుంకుమ పుప్పొడిలో పడితే మొత్తం పోతుందని చిన్నత్త ఆవిడ చెయ్యి పట్టుకుని బతిమాలింది. చివరకు నేతిబీర తీగ మొదట్లో రెండు అక్షింతలు వేసుకోవడానికి రాజీ కుదిరింది. వరలక్ష్మి గారు గోడ మీద నుంచి చూసి, “పప్పన్నం ఎప్పుడండీ?” అని అడిగారు.

పిందె నిలిచింది. పెరిగింది. రోజూ ఇంటిల్లిపాదీ దాని కింద నిలబడి చూసేవాళ్ళం. తీరా ముదిరేసరికి అది నున్నగా, పొడుగ్గా, ఏ గీతా లేకుండా అచ్చమైన నేతిబీరకాయలా వేలాడింది. తాతయ్య దాని కింద అటూ ఇటూ నడిచాడు.

“ఏటే నీలా, కొత్తదన్నావు? దీన్ని నా సిన్నప్పట్నుంచీ సూస్తన్నాను. దీంతో ఈపు కూడా రుద్దుకున్నాను.”

అంతా అయిపోయిందనుకున్నాను నేను. చిన్నత్త మాత్రం బెదరలేదు. “కడుపు తల్లిది నాన్నా. కడుపుతో ఉన్నమ్మని సూసి బిడ్డ ముక్కు ఇలాగుందంటే ఎలా? బిడ్డ గింజలో ఉంది. ఏసి మొలిపించాల.”

అరుగు మీద నానమ్మ పకపకా నవ్వింది. “నలుగుర్ని కన్నాను, నన్నడక్కపోయేరా?” మరో పంట గడువు దొరికింది.

ఆ గింజల్లో మొలిచిన తీగను మేం చూసుకున్నట్టు పసిపిల్లను కూడా ఎవరూ చూసుకోరు. పందిరికి వేరే మూల, వేరే కంప, దూడ రాకుండా ముళ్ళు. ఆకు బీరది కాదు, నేతిబీరది కాదు. మొదటి మొగ్గలు వచ్చిన రోజున ఇల్లంతా పందెం కాసింది. సాయంత్రం పూస్తుందని నాన్న, అమ్మ. తెల్లవారి పూస్తుందని నేను. సాయంత్రమైంది, బీర పూసింది, మా తీగ మొగ్గ అలాగే ఉంది. పడుకునే ముందు చూసినా మొగ్గే. తెల్లవారి నేతిబీర విచ్చుకునే వేళకు వెళ్ళి చూస్తే, మా పువ్వు అప్పటికే విచ్చుకుని వాడడం మొదలుపెట్టింది! అందరూ ఓడిపోయాం. తల్లి వేళా కాదు, తండ్రి వేళా కాదు, తనకంటూ ఒక వేళ తనే పెట్టుకుంది. ఎప్పుడు పూసిందో ఎవరూ చూడలేదు. ఒక్క తుమ్మెద కూడా చూసినట్టు లేదు.

“మూడో బస్సురా!” అని చిన్నత్త నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. నేనప్పటికే ఆవిడ భుజం దాటి పెరిగాను; ఇద్దరం వెళ్ళి గడ్డిమేటు మీద పడ్డాం. తుమ్మెద రాని పువ్వుకు ఆవిడే తుమ్మెద అయింది. తన పాత వాటర్ కలర్ బ్రష్షుతో వాడిపోతున్న పువ్వులకు ఆ తీగ పుప్పొడే అద్దింది. చాలా పిందెలు రాలిపోయాయి. మూడు నిలిచాయి. వాటిలో ఒకటి ముళ్ళు దాటి వచ్చిన దూడ నోట పడింది. ఒక నమలు నమిలి ఊసేసిందని అమ్మ చెప్పింది గానీ, ఆ మాట మేం తాతయ్య చెవిన వేయలేదు. రెండోది కంచంలోకి వచ్చింది. మూడోదాన్ని విత్తనానికని నానమ్మ తీగ మీదే ఎండబెట్టింది.

ఇక ఆ సాయంత్రం. తాతయ్య కాయను కంచంలో నుంచి తీసి బొటనవేలితో నిమిరాడు. బీరకాయకు ఉన్నట్టు గీతలున్నాయి, కానీ పదును లేదు. ఎవరో చెరిపేయబోయి మధ్యలో మానేసినట్టున్నాయి. వాసన చూశాడు. తూకం చూశాడు. అసలు ప్రశ్నను వాయిదా వేస్తున్నాడని అందరికీ అర్థమవుతూనే ఉంది.

“దీన్నేటంటారే?” అన్నాడు.

చిన్నత్త ‘సంకర జాతి కాయ’ అని చెప్పాలనుకుంది. ముందు రోజంతా అద్దం ముందు నిలబడి సాధన కూడా చేసింది. తీరా తాతయ్య ముందు సగం మాటే బయటికి వచ్చింది. “సంకరం, నాన్నా.”

మా వైపు ‘శ’ కూ ‘స’ కూ పెద్ద తేడా పాటించం. మా తాతయ్య పేరు శంకర్రావు. ఈడువాళ్ళంతా ఆయన్ని పిలిచేది సంకరం అనే.

“ఏటన్నావ్?”

“సంకరం.”

తాతయ్య కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు. మీసం మీద చెయ్యి పడింది. “నా పేరెట్టేవా?”

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న తన బూట్ల వైపు చాలా శ్రద్ధగా చూసుకున్నాడు. చిన్నత్త కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూసింది. నేను తల అడ్డంగానూ నిలువుగానూ ఒకేసారి ఊపాను. ఈలోగా వరలక్ష్మి గారు, “పెద్దోళ్ళ పేరెట్టుకోడం మంచిదే కదండీ” అనేశారు. అరుగు మీద నుంచి నానమ్మ కేక: “ఓలమ్మో! పేరు మరోటి దొరకలేదేటే? ఇప్పుడు నాను దాన్నేటని పిలవాల?” పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ భర్త పేరు నోటితో పలకలేదు. ఆ మాటకు అందరి నవ్వూ ఒక్కసారిగా బయటపడింది. తాతయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే కాయ కొస కొరికాడు.

చేదు. ఎంత చేదో ఆయన ముఖం చెప్పింది. ఒక కన్ను మూసుకుపోయింది, చెవులు కదిలాయి. నానమ్మ అలవాటుగా చెంబు ముందుకు జరిపింది. చేదు కాయను ఉమ్మేయడం, ఆ తీగను పీకేయడం మా ఇంటి ఆచారం. కానీ సొంత పేరు పెట్టుకున్న కాయను నలుగురి ముందు ఉమ్మడమెలా? తాతయ్య నమిలాడు. మరోసారి నమిలాడు. మింగాడు.

“ఎలాగుంది నాన్నా?” చిన్నత్త గొంతు పిల్లిపిల్ల గొంతులా ఉంది.

తాతయ్య ఉప్పు గిన్నెలో వేలు ముంచి నాకి, చెంబెడు నీళ్ళూ తాగి, అప్పుడు చెప్పాడు. “సూడలేదే. ఇలాటిది నాను సూడలేదు, తినలేదు, మళ్ళీ తినను. ఎల్లు. ఇశాపట్నం ఎల్లు. బేగి ఎల్లు.”

ఆ రోజు దూడతో సహా అందరికీ బెల్లం పాకం గారెలు పెట్టారు. చిన్నత్త వెళ్ళింది, చదివింది, ఉద్యోగం తెచ్చుకుంది. ఎండు కాయను దూలానికి కట్టిన నానమ్మ ఏ దూలానికి కట్టిందో మరిచిపోయింది, ఎలుకలు తినేశాయనుకున్నాం. పెరట్లో పందిరి ఉన్న చోట ఇప్పుడు నా బైకూ, నాన్న స్కూటరూ ఉన్నాయి. బీరకాయలు బజారు నుంచి వస్తున్నాయి. వాటి విత్తనం మెరిసే ప్యాకెట్లలోంచి వచ్చిందట, చేదు అన్నది ఉండదు, కాబట్టి ఎవరూ కొస కొరికి చూడరు. మొన్న అమ్మను అడిగితే తను చేదు చూసి ఎన్నాళ్ళయిందో గుర్తులేదంది. చేదు పోయినందుకు నేను ఫిర్యాదు చేయను, కూరలు బాగున్నాయి. కాకపోతే ఒకప్పుడు సాయంత్రం ఎప్పుడయిందో చెప్పడానికి మాకొక పువ్వు ఉండేది, ఇప్పుడు ఫోను ఉంది. ఫోను వాసన వేయదు.

పెంకులు దించిన రోజున ఆ కాయను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. చిన్నత్తకూ నాకూ ఇన్నేళ్ళుగా ఒక తగువు నడుస్తోంది. జాతి అనిపించుకోవాలంటే దానికి పిల్లలు పుట్టాలి, ఆ పిల్లలకు మళ్ళీ పుట్టాలి. మనం చేసింది కంచరగాడిదను, దానితోనే వంశం ఆఖరు అని నా వాదం. “జాతి అయిపోయిందని నాననలేదురా. అవ్వడానికి దారుందంటన్నాను. తల్లితోనూ తండ్రితోనూ కలవకుండా సొంత టైము పెట్టుకుంది కదా. ఇంక కావాల్సింది నిండు గింజ” అని ఆవిడ వాదం. తేల్చే సాక్ష్యం ఇన్నాళ్ళూ మా నెత్తి మీదే వేలాడుతోంది. ఇంత పాత గింజ మొలుస్తుందా లేదా అన్నది వేరే సంగతి. లోపల అసలు పప్పు పట్టిందా, పొల్లేనా అన్నదే ప్రశ్న. వరి విత్తనానికి చేసినట్టే చేద్దామన్నాం: నీళ్ళలో నిండు గింజ మునుగుతుంది, పొల్లు తేలుతుంది. బేసిన్లో నీళ్ళు పోసి, గింజలు వేసి, నానమ్మ చెప్పినట్టు బీరపూల వేళ దాకా వదిలేశాం. పందిరి లేదు కనుక ఆ వేళ ఎప్పుడవుతుందో ఆవిడే ఆకాశం చూసి చెప్పాలి.

ఎనభై దాటిన తాతయ్య మడతకుర్చీ తెప్పించుకుని బేసిన్ పక్కనే కూర్చున్నాడు. “నా పేరు నిలబడతాదా, తేలిపోతాదా?” అన్నాడు.

ఇన్నాళ్ళకు నాకు ధైర్యం వచ్చింది. “తాతయ్యా, నీకో సంగతి సెప్పాల. అత్త ఆ రోజు నీ పేరు పెట్టలేదు. సంకరమంటే...”

“రెండు జాతులు కలిపింది” అన్నాడు తాతయ్య, నీళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా. “సంకర విత్తనం ఏసిన సేతుల్రా ఇయ్యి. ఆ మాట నాకు తెలీదనుకున్నావేటి?”

చిన్నత్త గింజలు కదుపుతున్న గరిటెను బేసిన్లో వదిలేసింది. “మరి... నా పేరెట్టేవా అన్నావు?”

“ఏటి సెయ్యమంటావే? అందరి ముందూ సూడంది లేదని కూసేను. ఓడిపోయినోడు కూకోడానికి ఓ పీట కావాల గదా. నువ్వే ఏసేవు, కూకున్నాను.”

“ఇన్నేళ్ళూ సెప్పలేదేటి నాన్నా?”

“సెప్తే కాయకి పేరు తీసేస్తారు గదా!”

నానమ్మ కొంగుతో నవ్వు తుడుచుకుంది. తర్వాత గుమ్మం దగ్గరకు నడిచి ఆకాశం వైపు చూసింది. “యాళయింది. మీ తాత గింజలు సూసుకోండి” అంది. ఆ కాయ పేరు పలకదు; ఆవిడకు అది ఇప్పటికీ ‘మీ తాత కాయే’.

నేను లెక్కపెట్టాను. నమ్మకం లేదని చిన్నత్త మళ్ళీ లెక్కపెట్టింది. గింజలు అరవై మూడు. తేలినవి అరవై ఒకటి. మునిగినవి రెండు.